కంటి కింద సుళి

ఈ ఆదివారం మన సంఘంలో పిల్లల చదువు సాయానికి పేర్లు ఎంచే మీటింగు ఉంది కదా. దానికి ముందు ఒక గుర్రం సంగతి చెప్పాలని ఉంది. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. మేము బడిలో చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరయినాక దిద్దుకున్నాము. తప్పులుంటే మన్నించండి.

మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. మా తాత కాట్పాడి స్టేషను బయట జట్కా తోలినాడు. మేము ఆ స్టేషను లోపల క్లర్కులమయినాము. గుర్రం గురించి మాకు తెలిసిందంతా తాత చెప్పిన సుళ్ళ శాస్త్రమే. ‘కంటి కింద సుళి ఉన్న గుర్రాన్ని కొంటే ఆ ఇంట్లో కన్నీళ్ళు ఆరవు’ అనేవాడు.

మా ఇద్దరికీ కలిపి ఒకే ఒక్క ఆడపిల్ల. బెంగళూరు పక్కన ఒక గుర్రపుస్వారీ బడిలో పిల్లలకి నేర్పిస్తుంది. రేసుల్లో గెలవక బయటికి వచ్చిన ఒక ఆడగుర్రాన్ని, అయిదేళ్ళదాన్ని, షో జంపింగుకి తయారు చెయ్యాలని దానికి ఆశ. సగం డబ్బు దాని దగ్గర ఉంది. మిగతా సగానికి మా ఎఫ్‌డీ ఒకటి బ్రేకు చెయ్యాల. చూడకుండా ఇవ్వము అని ఇద్దరం పోయినాము.

పోయిన వెంటనే కనబడింది, ఎడమ కంటి కింద సుళి. మాకు మనసు విరిగిపోయింది. సాయంత్రం బండికే వెనక్కి పోదామనుకున్నాము. పిల్ల మొహం చిన్నబోయింది. ‘సుళి చూసినారు కదా పెదనాయనా, ఒక అరగంట ఉండి గుర్రాన్ని కూడా చూసిపోండి’ అనింది.

అక్కడ నేర్పించే పెద్దాయన మిలిటరీలో గుర్రాల మీద పనిచేసి రిటైరయినవాడు. ముందు గుర్రాన్ని నేల సమంగా ఉన్నచోట నిలబెట్టి పక్కనుంచి చూడమన్నాడు. భుజం ఏటవాలుగా ఉంటే ముందుకాళ్ళు బాగా పైకి లేస్తాయి. వెనక తొడల్లో బలముండాల, ఒళ్ళంతా పైకి లేపేది అవే. తర్వాత వంగి, ముందుకాళ్ళ వెనక నరాన్ని వేళ్ళతో తడిమి చూపించినాడు. రేసుగుర్రాలకి దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే. వేడి గానీ వాపు గానీ ఉందేమో చెయ్యి పెట్టే చూడాల.

తర్వాత నడిపించినారు, పరిగెత్తించినారు. ట్రాటు అందంగా ఉందని మేము మెచ్చుకుంటే ఆయన నవ్వినాడు. ‘దానికి మోసపోకండి. దూకేది క్యాంటర్ లోంచి. అది తూకం తప్పకుండా, బంతి ఎగిరినట్టు ఉందా చూడండి’ అన్నాడు.

కడగా, మనిషి ఎక్కకుండా, రెండు పక్కలా కట్టిన దారిలో వదిలినారు. ముందు నేలమీద ఒక కర్ర. తర్వాత రెండు అడుగుల ఎత్తు. తర్వాత మూడు అడుగులు. అంతకంటే పెంచలేదు. ‘పచ్చి గుర్రం ఎంత ఎత్తు దూకుతుందని చూడకూడదు, ఎట్లా దూకుతుందని చూడాల’ అన్నాడు. మోకాళ్ళు రెండూ సమంగా పైకి మడుస్తుందా, మెడ కిందికి చాచి వీపు విల్లులాగా వంచుతుందా, వెనక కాళ్ళు కర్రకి తగలకుండా తీసుకుంటుందా, ఇవే లెక్క.

మూడు అడుగుల కర్ర దీని ముందుకాలు తగిలి దబ్బుమని పడింది. పోటీలో అయితే ఒక్క కర్రకి 4 పెనాల్టీలు. సరే, అయిపోయింది అనుకున్నాము. పెద్దాయన మాత్రం ‘ఇప్పుడే అసలు పరీక్ష’ అన్నాడు. కర్ర తిరిగి పెట్టినారు. గుర్రం చెవులు ముందుకు నిక్కించి, బెదరకుండా అదే వేగంతో వచ్చి, మోకాళ్ళు ఇంకా బాగా మడిచి దూకింది. తగిలినా లెక్కచెయ్యని గుర్రం పనికిరాదట. ఒకసారి తగిలిందని భయపడి నిలిచిపోయేదీ కష్టమేనట. తగిలింది గుర్తు పెట్టుకుని, మళ్ళీ ధైర్యంగా వచ్చేదే నేర్చుకుంటుందట.

ఆ రాత్రి పిల్ల ఇంకొక సంగతి చెప్పింది. అమెరికాలో 1956లో, కబేళాకి పోయే లారీలోంచి ఒక నాగలి గుర్రాన్ని హ్యారీ డిలేయర్ అనే స్వారీ మాస్టరు 80 డాలర్లకి కొన్నాడట. దాని పేరు స్నోమ్యాన్. పక్కనున్నాయనకి అమ్మేస్తే, కంచెలు దూకి మళ్ళీ ఈయన దగ్గరికే వచ్చేదట. అప్పుడు గాని దాని విద్య ఈయనకి తెలియలేదు. 1958లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ లో అది ఛాంపియన్ అయింది.

మేము పార్సిల్ ఆఫీసులో ఉన్నప్పుడు, కాటా మీద పెట్టకుండా కంటి చూపుతో బరువు రాసేవాళ్ళని తిట్టేవాళ్ళము. ఇక్కడ మేము చేసిందీ అదే కదా.

డాక్టరు ఎక్స్‌రేలు తీసి చూసినాడు. పాత వాపు ఒకటి మానింది, ఏడాది మెల్లగా పని చేయించండి, గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు అన్నాడు. మేము ఎఫ్‌డీ బ్రేకు చేసినాము. అది ఇంకా ఒక్క పోటీకి పోలేదు. పోయి ఓడిపోవచ్చు కూడా. అయినా చూడవలసినవి చూసినాకనే డబ్బు ఇచ్చినామని మాకు తృప్తి.

ఇప్పుడు అసలు మాట. పోయిన సంవత్సరం మన కమిటీ ముందుకి ఒక అబ్బాయి వచ్చినాడు. ప్లస్ టూ మార్కులు తక్కువ, మాట తడబడింది, తెలుగు సరిగా రాలేదు. రెండు నిమిషాల్లో పేరు కొట్టేసినాము. కొట్టింది మా చెయ్యే, వేరే ఎవరినీ అనము. తమిళ మీడియంలో చదివి, రైల్వే ఇంటర్వ్యూలో నోరు పెగలక నిలబడింది మేమే కదా, అది కూడా గుర్తుకు రాలేదు. నెల కిందట వాళ్ళ నాయన కనబడినాడు. పిల్లవాడు చదువు మానేసి సెల్‌ఫోన్ షాపులో నిలబడుతున్నాడంట. ఫెయిలయిన సబ్జెక్టు మాత్రం మళ్ళీ తనంతట తానే కట్టి పాసయినాడంట.

కర్ర తగిలినాక మళ్ళీ వచ్చి దూకినాడు ఆ పిల్లవాడు. మేము కంటి కింద సుళి చూసి పంపించేసినాము.

వాణ్ణి ఆదివారం రమ్మని చెప్పినాము. కమిటీవాళ్ళు దయచేసి వాడికి అరగంట ఇవ్వండి. వాడికే కాదు, వచ్చిన ప్రతి పిల్లకీ ఇవ్వండి. కాఫీ, వడ ఖర్చు మాది.