మజిలీల జాడ

మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు చేసేవాళ్ల నోట కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పేరు పక్క ఊరి పేరంత మామూలుగా వినిపిస్తుంది. స్పానిష్‌లో ఆ మాటకు పొడవాటి చెట్టు అని అర్థం. 1769 నవంబరులో, కాలిఫోర్నియా తీరం వెంట వచ్చిన గాస్పర్ ద పోర్తోలా బృందం అక్కడి వాగు ఒడ్డున, ఊరికి ఆ పేరు తెచ్చిన రెడ్‌వుడ్ చెట్టు దగ్గరే విడిది చేసిందని చెబుతారు. వెంట నడిచిన హువాన్ క్రెస్పీ అనే పాదిరీ దినచర్య రాశాడు కాబట్టి ఆ మజిలీలు ఈనాటికీ తెలుస్తున్నాయి. చెట్టు ఇంకా నిలిచే ఉంది.

అలాంటి దారి తెలుగువారికీ ఉంది.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లారు. తిరుగుదారిలో జగన్నాథం నుంచి శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, నెల్లూరు దాటుకుంటూ 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఏ ఊళ్లో నీళ్లున్నాయో, ఎక్కడ అంగళ్లున్నాయో, దిగడానికి వసతి ఎలా ఉందో మజిలీ మజిలీకీ రాసుకున్నారు. వెనక వచ్చేవాళ్ల కోసం పడ్డ ఆ శ్రద్ధే ‘కాశీయాత్ర చరిత్ర’కు ప్రాణం. ఆయన పోయాక, 1838లో అది అచ్చయింది.

పోర్తోలా మజిలీల్లో చాలాచోట్ల ఫలకాలు కనిపిస్తాయి. వీరాస్వామయ్య దిగిన ప్రతి ఊళ్లోనూ ఒక రాయి నాటాలి. 1998లో సైబర్ టవర్స్ లేచిన ఈ హైదరాబాదు నుంచే, ఒక శనివారం, ఆ పని మొదలుకావచ్చు.