అర కిలో సహనం

ఫిల్మ్ నగర్ బస్తీలో నాదొక చిన్న కుట్టు దుకాణం. సినిమాల గ్రూపు డాన్సర్ల దుస్తులు, జూబ్లీహిల్స్ ఇళ్ల తెరలు కుడుతుంటాను. మా వారు షూటింగులలో లైట్‌మన్. ఒకనాటి ఉదయం పాలగిన్నె ఎత్తబోగా కుడి మోచేతి వెలుపలి ఎముక వద్ద భరింపరాని నొప్పి లేచింది. గిన్నె జారి పాలన్నీ ఒలికిపోయాయి.

వైద్యుడు దానిని ‘టెన్నిస్ ఎల్బో’ అన్నారు. రాకెట్ చేతబట్టి ఎరుగని నాకు ఆశ్చర్యమేసింది. 2004లో సచిన్ టెండూల్కర్‌ను కొంతకాలం ఆటకు దూరం చేసినది ఈ బాధే. అయితే దీని బారిన పడేవారిలో అధికులు ఆటగాళ్లు కారు. దర్జీలు, వడ్రంగులు, వంటవారి వంటి శ్రామికులకూ ఇది వస్తుంది. మణికట్టును పైకెత్తే కండరాల స్నాయువు మోచేతి ఎముకను అంటుకొనే చోట, పదే పదే పడే ఒత్తిడికి దెబ్బతింటుంది. మందపాటి మఖమలును కత్తిరించే నా పెద్ద కత్తెర చేసిన పని ఇదే.

ఒక పాట దుస్తుల గడువు ముంచుకొస్తుండగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నాను. నొప్పి తగ్గగానే రెట్టింపు పని చేశాను. రెండవ నెలలో అది తిరిగి వచ్చింది. సజ్దా నుండి అరచేతులు ఆనించి లేవడమూ కష్టమైంది. దుకాణం అద్దె బాకీ పడింది. “అమ్మీ, నేను కాలేజీ మానేసి కుడతాను” అన్నది మా అమ్మాయి. ఆ మాటే నన్ను ఫిజియోథెరపీకి నడిపించింది.

అక్కడ నా చేతికిచ్చినది అర లీటరు నీళ్ల సీసా! ముంజేతిని బల్లపై ఆనించి, అరచేయి నేలవైపు ఉంచి, ఎడమచేతి సాయంతో పైకెత్తి, కుడి మణికట్టుతో మెల్లగా దించాలి. పదిహేనేసి సార్లు, మూడు విడతలు, ప్రతిరోజూ.

“కొద్దిపాటి నొప్పికి భయపడకండమ్మా. మర్నాటికి పెరిగితే మాత్రం బరువు తగ్గించండి” అన్నారామె. వస్తువులను అరచేయి పైకి ఉంచి ఎత్తమన్నారు. బట్టలు పిండవద్దన్నారు.

బట్టలు పిండటం మా వారు, రొట్టెల పిండి కలపడం మా అబ్బాయి తీసుకున్నారు. అమ్మాయి చదువు ఆగలేదు. మూడు వారాలు గడిచినా మార్పు కానరాక సీసాను విసిరివేయాలనిపించింది. మూడవ నెలలో ఒక ఉదయం పాలగిన్నెను పొయ్యిపై పెట్టిన తరువాత గాని, కుడిచేత్తో ఎత్తానన్న సంగతి గ్రహించలేదు. అల్‌హమ్దులిల్లాహ్!

సహనమంటే చేతులు ముడుచుకొని ఎదురుచూడటమనుకొనేదానిని. ఫలితం కనిపించని రోజున కూడా ఆనాటి నలభై అయిదు సార్లు పూర్తిచేయడమే సహనమని ఇప్పుడు తెలిసింది.