పీడనదీప్తి: పేరు వెదుకుతూ కొన్ని ఆలోచనలు

వెలుగు అనగానే మనకు వేడి స్ఫురిస్తుంది. సూర్యుడైనా, చమురు దీపమైనా, కొలిమి అయినా తాపంతో కలిసిన కాంతినే మనకు ఇస్తున్నాయి. కాని కాలకుండా, కాగకుండా, కేవలం రాపిడికీ ఒత్తిడికీ వెలిగే పదార్థాలు కూడా సృష్టిలో ఉన్నాయి. గట్టి చక్కెరను చీకటిలో గీకితే మెరుస్తుందని ఆంగ్ల తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1620లోనే వ్రాశాడు. మన నికాహ్ వేడుకలలో ఖర్జూరాలతో పాటు పంచే మిశ్రీ, అనగా పటికబెల్లం, ఈ కోవలోనిదే. కన్నులు చీకటికి అలవాటుపడిన పిమ్మట ఒక పలుకును పటకారుతో చిట్లగొడితే లేతనీలి మెరుపు క్షణకాలం కనబడుతుంది. స్ఫటికం పగిలిన చోట విద్యుదావేశాలు విడిపడి, గాలిలోని నైట్రోజన్‌ను ఉత్తేజపరచడమే దీనికి కారణం.

మా కళాశాల విజ్ఞానశాస్త్ర విద్యార్థి ఒకడు ఒకనాడు నా వద్దకు వచ్చి, "సార్, మెకానోలూమినిసెన్స్‌ను తెలుగులో ఏమనాలి?" అని అడిగాడు. నేను భాషను బోధించేవాడను. అయినా వస్తువు తెలియనిదే పేరు పెట్టడం తగదు గనుక, ఆ విద్యార్థి సాయంతోనే కొంత చదివాను.

చక్కెర వెలగాలంటే పగలక తప్పదు. పగలకుండానే వెలిగే పదార్థం ఉంటే దాని ప్రయోజనం వేరు. జపానులో షు చావోనాన్, ఆమె సహచరులు 1999లో అట్టి పదార్థాన్ని లోకానికి తెలియజేశారు. అది యూరోపియం లేశమాత్రంగా కలిసిన స్ట్రాన్షియం అల్యూమినేట్. మునుపు పడిన కాంతి శక్తిలో కొంత ఆ స్ఫటికంలోని లోపాలలో బందీయై ఉంటుంది. ఒత్తిడి ఆ బంధాన్ని సడలించగా పచ్చని వెలుగు వస్తుంది. పదేపదే నొక్కితే వెలుగు తగ్గుతుంది. అతినీలలోహిత కాంతి చూపితే మరల కోలుకుంటుంది. అంటే దాని నేటి స్పందన నిన్నటి అనుభవంపై ఆధారపడి ఉన్నది. జ్ఞాపకానికి ఇంతకంటె సరళమైన నిర్వచనం నాకు తోచలేదు.

మెదడును అనుకరించే గణన యంత్రాల నిర్మాతలను ఆకర్షించినది ఇదే గుణం. 1945లో జాన్ వాన్ నోయ్‌మన్ వివరించిన కంప్యూటరు పద్ధతిలో జ్ఞాపకస్థానం వేరు, లెక్కచేసే స్థానం వేరు. వాటి మధ్య రాకపోకలకే ఎంతో కాలం, విద్యుత్తు వ్యయమవుతాయి. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నా, అది దాదాపు 20 వాట్ల శక్తితోనే పనిచేస్తుంది. అక్కడ కణాల సంధిస్థానాలే సంకేతాన్ని అందిస్తాయి, గుర్తునూ నిలుపుకొంటాయి. ఈ మార్గంలో యంత్రాలను నిర్మించాలని కార్వర్ మీడ్ 1980ల చివర అమెరికాలో ప్రతిపాదించాడు.

నొక్కితే వెలిగే పొర క్రింద, కాంతికి స్పందించే కృత్రిమ సంధిని అమర్చారనుకోండి. ఒక స్పర్శ కాంతిగా మారి ఆ సంధి వాహకత్వాన్ని పెంచుతుంది. ఆ మార్పు మెల్లగా క్షీణిస్తుంది. అది పూర్తిగా అణగకముందే మరొక స్పర్శ తగిలితే ప్రభావం బలపడుతుంది. పద్యాన్ని వల్లెవేసే విద్యార్థికి ఈ సూత్రం వేరుగా చెప్పనక్కరలేదు.

ఇదంతా వినోదం కాదని నాకు తెలియజేసినవారు మా నాన్నగారు. మధుమేహం వల్ల ఆయన పాదాలు స్పర్శ కోల్పోయాయి. ఒకనాడు నమాజు ముగించి లేచిన తరువాత జానమాజ్‌పై రక్తపు మరకను చూసినది మా అమ్మ. చెప్పులో దూరిన మేకు పాదాన్ని చీల్చినా ఆయనకు తెలియలేదు. నొప్పి శత్రువు కాదనీ, కావలివాడనీ ఆనాడు గ్రహించాను. కృత్రిమ చర్మం కోసం శ్రమించేవారు ఆ కావలివానినే తిరిగి నిలపాలని చూస్తున్నారు. అయితే తొందరపడి ఆశలు కల్పించరాదు. ఈ పదార్థాల వెలుగు మందమైనది. స్ట్రాన్షియం అల్యూమినేట్ తేమకు చెడిపోతుంది. మృదువైన స్పర్శను పట్టుకోవడం ఇంకా కష్టమే. నాన్నగారి పాదాలను నేటికీ ప్రతి రాత్రి మా చేతులే పరీక్షిస్తున్నాయి.

ఆ విద్యార్థికి నేను సూచించిన పేరు "పీడనదీప్తి". ఇంతకంటె మంచి మాట ఎవరైనా చెబితే సంతోషిస్తాను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య బోధించింది; అందుకు కావలసిన గ్రంథాలను, పరిభాషను సమకూర్చడానికి 1917లోనే దారుల్ తర్జుమా ఏర్పడింది. ఆ పనికి పూనుకొన్నవారు మాటలు పుట్టేవరకు శాస్త్రాన్ని వాయిదా వేయలేదు. మన కళాశాలలో రెండు భాషలూ ఒకే కప్పు క్రింద ఉన్నాయి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు చదివినదాన్ని తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి ప్రదర్శించుటకు ఒక గోడపత్రికను ఏర్పాటు చేయవలసిందిగా పాలకవర్గం వారిని సవినయంగా కోరుతున్నాను. తన ఇంటి భాషలో వివరించగలిగిన శాస్త్రాన్నే విద్యార్థి తన ఇంటివారి కష్టానికి అన్వయించగలడు.