పడవ కదలని రోజు లెక్క

పులికాట్ సరస్సులో రాజహంసలు దిగే రోజుల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో డబ్బు ఆడదు. డబ్బు చేతికొచ్చే రోజులకు రాజహంసలు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి. పక్షుల కాలం అక్టోబరులో మొదలై మార్చితో ముగింపుకొస్తుంది. మిరప తోటకు ఎరువులు, పురుగుమందులు మోసేదీ, పత్తి తీతకు కూలీల కోసం తిరిగేదీ ఆ నెలల్లోనే. మిర్చి కోసి, కల్లంలో ఆరబోసి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు తోలే రద్దీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉంటుంది. మంగళగిరిలో నెల జీతగాడి పరిస్థితీ అంతకన్నా మెరుగేమీ కాదు. జీతం ఆగదు కానీ పిల్లల పెద్ద సెలవులు వేసవిలో వస్తాయి, అప్పటికి పులికాట్ చాలా మేర ఎండి నేల బీటలు తీస్తుంది. మగ్గం నమ్ముకున్న ఇంటికి పండగల, పెళ్లిళ్ల గిరాకీని బట్టే రాబడి. అందుకే మడ అడవులకో సరస్సు దీవులకో పడవ మీద వెళ్లిరావాలన్న కోరికను నేను ముందు డబ్బు లెక్కగా చూస్తాను, ఆ తర్వాతే విహారంగా. ఎప్పుడు వెళ్లాలో పక్షులు, పోటుపాట్లు, వాయుగుండాలు తేలుస్తాయి. మనం తేల్చుకోగలిగింది ఎంత డబ్బు ముందే బిగించాలి, ఎంత చేతిలో ఉంచుకోవాలి అన్నది మాత్రమే.

సినిమా టికెట్ కొంటే సినిమా పడుతుంది. పడవ టికెట్ కొంటే పడవ ఎక్కే హక్కు వస్తుంది, పక్షి కనపడే హక్కు రాదు. ఒక్కోసారి పడవే కదలదు. కాబట్టి ఇలాంటి ప్రయాణానికి ‘ఎంతవుతుంది’ అని అడగడం సగం ప్రశ్నే. ‘పడవ కదలకపోతే ఎంత పోతుంది’ అన్నది మిగతా సగం. మన ఇళ్లలో మొదటి ప్రశ్నకు పదిమందిని వాకబు చేస్తారు, రెండోదాన్ని ఎవరూ అడగరు. నేను పాటించే నియమం మాత్రం రెండో ప్రశ్న నుంచే పుట్టింది: ప్రయాణం మొత్తంలో సగానికి మించి ముందుగా ఎవరికీ కట్టకూడదు. మిగతా సగం గమ్యం చేరి, ఆకాశాన్నీ నీటినీ చూశాక ఖర్చు పెట్టాలి.

ఈ నియమం ఎందుకో పులికాట్ చూస్తే తెలుస్తుంది. చిలికా తర్వాత దేశంలో రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. సముద్రానికీ దీనికీ మధ్య శ్రీహరికోట ఇసుక దిబ్బ అడ్డంగా ఉంటుంది. పొడవాటి కాళ్లతో లోతులేని నీటిలో నడుస్తూ, బురదను వడగట్టి మేత తీసుకునే పక్షి రాజహంస. వానలు ఎక్కువై నీరు లోతైతే అది పలచటి నీరున్న చోటుకు తరలిపోతుంది, నీరు మరీ తగ్గితే పడవ అడుగు బురదకు తగులుతుంది. అంటే పక్షికి అనువైన నీరు, పడవకు అనువైన నీరు ఒక్కటి కావు. తడ మండలం భీమునివారిపాలెం నుంచి సరస్సులోకి పడవలు నడుస్తాయి, నీటి నడుమనున్న ఇరకం దీవికి దారి అదే. అయితే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మీదుగానే సాగుతుంది. అదృష్టముంటే ఆ రోడ్డు పక్కన నిలబడి పైసా ఖర్చు లేకుండా రాజహంసల బారులు చూడవచ్చు. దగ్గర్లోనే నేలపట్టు. 1976లో అభయారణ్యమైన ఆ చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి, అక్కడ పడవతో పనే లేదు. పడవ ఆగినా రోజు వృథా కాకుండా చేసేవి ఈ రెండూ. కానీ అటు తిరగాలంటే అప్పటికప్పుడు బండి మాట్లాడుకునే డబ్బు చేతిలో ఉండాలి. మొత్తం పడవ ప్యాకేజీకి కట్టేసినవాడు ఒడ్డున కూర్చుని వాదించుకోవాల్సిందే.

కాకినాడ వైపు వెళితే ఈ అనిశ్చితి ఇంకో రకంగా ఎదురవుతుంది. 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం దాదాపు 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి. దానికి సముద్రం వైపున హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ కాకినాడ రేవును అలల నుంచి కాపాడుతూ ఉంటుంది. కాలువల్లో పడవ నడవాలంటే పోటు ఉండాలి. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, రోజురోజుకూ దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అందుకే తీరంలో పడవ నడిపేవాళ్లకు గడియారంతో పాటు తిథి కూడా కావాలి. పట్నం నుంచి ‘పొద్దున పది గంటలకు’ అని బుక్ చేసుకున్నవాడికి ఆ పది గంటలకు కాలువలో నీరు ఉంటుందో లేదో చెప్పేది చంద్రుడే. బావురుపిల్లి ఈ అడవికి పేరు తెచ్చింది, అయితే అది రాత్రి వేటాడే జంతువు, పగటి పడవకు కనిపించడం అరుదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చలికాలం చివర గుడ్లు పెట్టడానికి తీరానికి వచ్చేది కూడా ఎక్కువగా రాత్రిపూటే. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి అది. దాన్ని చూపిస్తామని ఎవరైనా ఖాయంగా డబ్బు తీసుకుంటుంటే ఆ మాటనే అనుమానించాలి. వీటన్నిటి మీదా వాయుగుండాలు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, 2025 అక్టోబరు 28న మొంథా తుపాను గోదావరి తీరాన్ని తాకింది. రెండూ పక్షుల కాలంలోనే వచ్చాయి.

ఇప్పుడు అంకెల్లోకి దిగుదాం. ఇవి లెక్క అర్థమవడానికి వేసుకున్నవి, ఎవరి ధరలూ కావు. నలుగురున్న కుటుంబం సూళ్లూరుపేట వెళ్లి రెండు రోజులుండి రావడానికి 24,000 రూపాయలు అనుకుందాం. రైలు టికెట్లు, గది కలిపి 12,000 దాటకుండా ముందే కట్టొచ్చు. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. అంత ముందుగా వాతావరణాన్ని ఎవరూ చెప్పలేరు కాబట్టి ఆ డబ్బు కొంత రిస్కులో పడక తప్పదు. మిగతా 12,000 పడవకు, అక్కడి బండికి, భోజనాలకు, అవసరమైతే మరో పూట ఆగడానికి. మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి ఎంత పానకం పోసినా సగమే తాగి సగం భక్తుడికి ప్రసాదంగా వదిలేస్తాడని మన నమ్మకం. ప్రయాణానికి కట్టే డబ్బు విషయంలో ఆ సగం లెక్కే నాకు ఆదర్శం. పడవ ఆగిన ఏడు చేతిలో మిగిలింది మరుసటి ఏటి ప్రయాణానికి తొలి పెట్టుబడి అవుతుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. మొత్తం ముందే కడితే తగ్గింపు ఇస్తారు కదా, సగం అట్టిపెట్టుకుని దాన్ని పోగొట్టుకోవడం ఏం తెలివి? పదోవంతు తగ్గింపు అనుకుంటే 2,400 మిగులుతుంది, కట్టేది 21,600. ప్రయాణం రద్దయి అదేదీ వెనక్కి రాకపోతే పోయేదీ అంతే. సగం పద్ధతిలో కట్టిన 12,000లో రైలు, గది రద్దు చేసుకుని 4,000 వెనక్కి తెచ్చుకున్నా 8,000 పోతుంది. రెండిటి మధ్య తేడా 13,600. తగ్గింపుగా వచ్చే 2,400 అందులో దాదాపు ఆరోవంతు. తగ్గింపు దక్కేది సాగిన ప్రయాణాల్లోనే, అంటే చెడిన ఒక్కదాని నష్టం పూడాలంటే దాదాపు ఆరు సాగాలి. కాబట్టి సుమారు ఏడింట ఒకటి కన్నా తరచుగా ప్రయాణం చెడే పరిస్థితి ఉంటే తగ్గింపు మనకు నష్టం, అంతకన్నా అరుదైతే లాభం. జనవరి చివర్లో, ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో, ఒక్క పడవనే లెక్కలోకి తీసుకుంటే తగ్గింపు గెలవొచ్చని ఒప్పుకుంటాను. కానీ ప్రయాణాన్ని చెడగొట్టేది పడవ ఒక్కటే కాదు. పిల్లకు జ్వరం, మంజూరై రద్దయిన సెలవు, సరిగ్గా ఆ వారమే దొరికిన పత్తి కూలీలు, అకాలంగా పడిన వాన, దగ్గర బంధువుల ఇంట్లో కష్టం. వీటన్నిటినీ కలిపితే మన ఇళ్లలో ఏడింట ఒకటి పెద్ద సంఖ్యేమీ కాదు. ఎన్నో ప్రయాణాలు చేసేవాడికి ఓ నష్టం మిగతా లాభాల్లో కలిసిపోతుంది. ఏడాదికో రెండేళ్లకో ఒక్కసారి కదిలే కుటుంబానికి ఆ ఒక్క నష్టమే మొత్తం అనుభవం.

రెండో అభ్యంతరం, ఆ 24,000 ఎక్కణ్నుంచి రావాలన్నది. మిర్చి రైతుకు జవాబు కొత్తగా చెప్పక్కర్లేదు. సరుకు వచ్చిన రోజున అమ్మడం ఇష్టంలేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టడం ఆయనకు తెలిసిన విద్యే, డబ్బును కూడా అలాగే నిల్వ చేయాలి. ఏప్రిల్‌లో చేతికొచ్చినదాంట్లో కొంత జనవరి నాటికి మెచ్యూరయ్యేలా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే రెండు క్యాలెండర్లూ కలుస్తాయి. జీతగాడికి బ్యాంకు రికరింగ్ డిపాజిట్ చాలు. నెలకు 2,000 చొప్పున ఏడాది, ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే అసలు మీద ఎనిమిది వందల చిల్లర వస్తుంది. పోస్టాఫీసు ఆర్‌డీ గడువు అయిదేళ్లు కాబట్టి ఏడాది అవసరానికి అది నప్పదు. అదే 24,000ను పదహారు శాతం వడ్డీతో ఏడాది ఈఎంఐ పెట్టుకుంటే నెలకు దాదాపు 2,180 కట్టాలి, వడ్డీకే రెండు వేల పైన పోతుంది. అటు వచ్చేదీ ఇటు పోయేదీ కలిపితే తేడా మూడు వేలకు దగ్గర. చిట్టీ ముందే పాడి తోసుబాటు పోగొట్టుకోవడం కూడా ఈఎంఐకి అన్నలాంటిదే, పేరే వేరు. ‘రాబోయే పంట ఉంది, తీర్చేస్తాం’ అనేవాళ్లు 2025ను గుర్తు చేసుకోవాలి. అంతకు రెండేళ్ల ముందు క్వింటాలు ఇరవై వేలు దాటిన మిర్చి ధర ఎంత పడిందంటే కేంద్రం ఫిబ్రవరిలో 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చింది. రాని పంట మీద పక్షులను చూడబోకూడదు.

మూడో అభ్యంతరం పెద్దవాళ్లది: అసలు పక్షుల కోసం అంత డబ్బా, ఆ సొమ్ముతో కాసు బంగారంలో కొంతైనా రాదా? వస్తుంది. నేనిక్కడ ‘అనుభవాల మీద పెట్టుబడి’ అనే తీపి మాట వాడను. పెట్టుబడి తిరిగొస్తుంది, ఇది తిరిగిరాదు. ఇది ఖర్చు, ఖర్చు పద్దులోనే రాయాలి. ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా, కొన్ని నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టడం, చేబదుళ్లు తీరడం, ఈ మూడూ అయ్యాకే దీని వంతు. ఆ వంతు వచ్చాక మాత్రం సిగ్గుపడాల్సిన పని లేదు. ఒక ఫంక్షన్ హాల్లో ఒక పూట స్టేజీ అలంకరణకు లెక్క అడగని ఇల్లు, పిల్లలకు సొంత రాష్ట్రపు తీరాన్ని చూపించడానికి మాత్రం లెక్క అడగడం పొదుపు కాదు, అలవాటు. సెలవు ప్రయాణ భత్యం (ఎల్‌టీఏ) వస్తుందిగా అనే ఉద్యోగులు కూడా ఒకసారి చూసుకోవాలి. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు లేదు. పాత విధానంలోనూ అది ప్రయాణ చార్జీకే, గదికీ భోజనానికీ విహార పడవకూ కాదు.

ఇంత పొదుపు చెప్పాక, పొదుపు చేయకూడని చోటు ఒకటి చెప్పాలి. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగి ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి కార్తీక మాసపు విహారానికి వచ్చినవాళ్లు, ఎక్కింది అనుమతి లేని ప్రైవేటు పడవ. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మరో ఘోరం. అనుమతి ఉన్న పడవ, ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్, పరిమితికి మించని జనం, ఈ మూడింటిలో ఏది లేకపోయినా వెనక్కి తిరిగే స్వేచ్ఛ మనకుండాలి. ఆ స్వేచ్ఛ కూడా డబ్బుతోనే ముడిపడింది. మొత్తం ముందే కట్టేసినవాడు ‘ఇంత దూరం వచ్చాం కదా’ అనుకుని ఎక్కేస్తాడు. చేతిలో సగం ఉన్నవాడు పడవను చూసి వద్దనగలడు. సగం నియమం నష్టాన్ని తగ్గించడానికి పుట్టినా, దాని అసలు విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది.

దూరం పెరిగేకొద్దీ ఈ నియమం పాటించడం కష్టమవుతుంది, ఎందుకంటే దూరంతో పాటు ముందే బిగించాల్సిన వాటా పెరుగుతుంది. చిలికాలో నలబణ దీవి, సతపడా డాల్ఫిన్లు గొప్పవే కానీ మంగళగిరి నుంచి ఒడిశా దాకా వెళ్లేవాడి ఖర్చులో సింహభాగం పడవ ఎక్కకముందే అయిపోతుంది. సూళ్లూరుపేట మూడు వందల యాభై కిలోమీటర్ల దరిదాపు, కాకినాడ రెండు వందల పైచిలుకు. నాగాయలంక వంద లోపే. కృష్ణా నది సముద్రంలో కలిసే ఆ దివిసీమ కొసన కూడా మడ అడవులున్నాయి, కృష్ణా అభయారణ్యం ఉంది, నీటి దారిలో దీవులున్నాయి, బావురుపిల్లి అక్కడా ఉంది. పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు, గది అక్కర్లేదు, రైలు అక్కర్లేదు, ముందు రోజు వాతావరణ సూచన చూసుకుని తేల్చుకోవచ్చు. పడవ కదలకపోతే పోయేది పెట్రోలు డబ్బు. కాబట్టి మొదటి ఏడు నాగాయలంక, ఆర్‌డీ నిండిన ఏడు కాకినాడ లేదా పులికాట్, అదీ సంక్రాంతి దాటి తుపాన్ల భయం తగ్గిన రోజుల్లో. వెళ్లేముందు కాగితం మీద రాసుకోవాల్సిన అంకె మాత్రం మూడు చోట్లకూ ఒకటే: పడవ కదలని రోజున ఎంత పోతుంది. ఆ అంకె చూసి ఇంట్లో ఎవరి ముఖమూ వాడకపోతే బయల్దేరవచ్చు.