నాకేం నొప్పి లేదమ్మాయ్

మా అత్తగారి నోట రోజుకు పదిసార్లు వినిపించే మాట ఇది. ఆవిడ ఈడు వాళ్లంతా మోకాళ్లనీ, నడుమనీ మూలుగుతుంటే, పందొమ్మిదేళ్లుగా షుగరున్నా ఈవిడ మాత్రం ఫలానా చోట నొప్పి అన్న పాపాన పోలేదు. మా అత్తగారు గట్టి మనిషని నేనూ నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని.

పోయిన కార్తీకంలో ఒకరోజు తులసికోట దగ్గర దీపం పెట్టి లేవబోయి, గోడ పట్టుకుని ఆగిపోయారు. కళ్లు చీకట్లు కమ్మాయన్నారు. ఉపవాసాలు వద్దంటే వింటారా అని విసుక్కుంటూనే షుగర్ చూశాను. 148. మరీ పడిపోలేదులే అనుకున్నాను. ఆ తర్వాత కూడా మంచం మీంచి లేచినప్పుడల్లా తూలేవారు. కూర్చోబెట్టి బీపీ చూస్తే ఎప్పుడూ 140కి అటూ ఇటూ. నాడి మాత్రం ఊరికే కూర్చున్నా వందకి పైనే. "మీ అత్తయ్యకి చిన్నప్పటి నుంచీ అన్నిటికీ తొందరే" అని మామయ్యగారు నవ్వేసేవారు.

తర్వాత ఒక ఆదివారం, భోజనాలయ్యాక ఆవిడకి ఒళ్లంతా చెమటలు పట్టాయి. కాస్త ఆయాసం, కడుపులో వికారం. నాకు భయమేసి, అందరూ అడిగేదే అడిగాను. "అత్తయ్యా, గుండెల్లో నొప్పిగా ఉందా?"

"నాకేం నొప్పి లేదమ్మాయ్."

ఆ మాటతో నా ప్రాణం కుదుటపడింది. గ్యాస్ అయ్యుంటుందని జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చి, పడుకోమన్నాను. నాలుగు రోజుల తర్వాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ, ఎకో తీశాక డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: "ఈమధ్య గుండెపోటు వచ్చిందా ఈవిడకి?"

ఆ జీలకర్ర నీళ్ల గ్లాసు నా కళ్ల ముందు కదిలింది. నోట మాట రాలేదు.

యాంజియోగ్రామ్ చేసి, స్టెంట్ వేసి, ఆవిడ కాస్త కోలుకున్నాక డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. షుగర్ పాదాల నరాలను దెబ్బతీస్తుందని మనందరికీ తెలుసు. అరికాళ్లు మొద్దుబారి, మేకు గుచ్చుకున్నా తెలియని వాళ్లను చూస్తూనే ఉంటాం. అదే షుగర్ గుండెకు వెళ్లే నరాలనూ పాడుచేస్తుందట. అప్పుడు గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. చెమట, ఆయాసం, వికారం, చెప్పలేని నీరసం, అంతే. ఇన్నాళ్లూ నేను ఆవిడ గట్టితనం అనుకున్నది, ఆవిడ జబ్బే!

గుండెను పరుగెత్తించే నరాలు కొన్ని, నెమ్మదింపజేసేవి కొన్ని ఉంటాయి. నెమ్మదింపజేసే వేగస్ నరం చాలా పొడవైనది. సాధారణంగా ముందు దెబ్బతినేది అదే. కళ్లెం తెగిన గుర్రంలా గుండె ఊరికే కూర్చున్నా పరుగెడుతుంది. ఇక మనం లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి దాన్ని పైకి తోయాలి. అవి పని చేయకపోతే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. పడుకోబెట్టి చూస్తే ఆవిడ బీపీ 146. నిలబెట్టి మూడు నిమిషాల్లోపు చూస్తే 112. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే పట్టించుకోవాల్సిందేనట. మేం కూర్చోబెట్టి మాత్రమే చూస్తుంటే ఎలా దొరుకుతుంది?

ఇంకో పరీక్ష కూడా చేశారు. ఈసీజీ తీస్తూ, నిమిషానికి ఆరుసార్లు నిదానంగా ఊపిరి పీల్చి వదలమన్నారు. పీల్చినప్పుడు గుండె వేగం పెరగాలి, వదిలినప్పుడు తగ్గాలి. ఆ తేడా ఆవిడలో మూడే ఉంది. పదికన్నా తగ్గితే నరాలు దెబ్బతిన్నట్టేనట.

ఒకసారి పాడైన నరం పూర్తిగా బాగవడం కష్టం, ఇంకా పాడవకుండా చూసుకోవాలి అన్నారు. షుగర్, బీపీ అదుపులో పెట్టుకోవడం దగ్గరే అంతా ఉంది. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు కూడా ఇలాంటి వాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి ఉపవాసాలు బంద్. ఏ ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చినా మత్తు ఇచ్చే డాక్టరుకి ఈ సంగతి ముందే చెప్పాలి. బీపీ మాత్రలు మనంతట మనం ఆపడం, మార్చడం చేయకూడదు.

ఇప్పుడు అత్తయ్య పొద్దున్నే మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, కాళ్లాడించుకుని మరీ లేస్తారు. తులసికోట పక్కన ఒక స్టూలు వేశాం. నేను కూడా నొప్పి గురించి అడగడం మానేశాను. "నిన్న ఎక్కినట్టే ఎక్కారా మెట్లు? చెమట పట్టిందా?" అని అడుగుతున్నాను.

ఒకరోజు ఉండబట్టలేక ఆ ఆదివారం సంగతి ఎత్తి, నన్ను క్షమించమన్నాను. "నీకేం తెలుసమ్మాయ్, నాకే తెలియలేదు. జీలకర్ర నీళ్లు మాత్రం బాగానే కాచావు" అన్నారు. నవ్వలేక, ఏడవలేక వంటింట్లోకి వెళ్లిపోయాను.

మీ ఇంట్లో ఏళ్లుగా షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నిలబెట్టి కూడా బీపీ చూడమని అడగండి. ఉన్నట్టుండి చెమటలు పట్టి ఆయాసం వస్తే, నొప్పి లేదన్నా సరే, వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి. జీలకర్ర నీళ్లు తిరిగొచ్చాక కాచుకోవచ్చు.