మధ్యాహ్నం పూసే కలువ

విజయనగరంలో ఆ ఇంటి పెరట్లో రెండడుగుల వెడల్పు సిమెంటు గోలెం ఒకటుంది. పదకొండు దాటితే చాలు, రిటైరైన తెలుగు టీచరమ్మ కుర్చీ దాని పక్కకు చేరుతుంది. పన్నెండయ్యేసరికి నీళ్లమీద పసుపు కలువ విచ్చుకుంటుంది. సాయంత్రం నాలుగింటికి మళ్లీ ముడుచుకుంటుంది.

కలువకు చంద్రుడు, తామరకు సూర్యుడు అని ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషి! ఎర్రకలువ రాత్రి విచ్చి ఆ మాట నిలబెడుతుంది. ఈ పసుపుదాని పద్ధతే వేరు. శాస్త్రీయ నామం నింఫియా మెక్సికానా. పుట్టిల్లు మెక్సికో, అమెరికా దక్షిణ రాష్ట్రాలు. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో లాతూర్ మార్లియాక్ దీన్ని ఐరోపా తెల్లకలువతో కలిపి చలికి తట్టుకునే పసుపు రకం పుట్టించాడు. చిత్రకారుడు మోనే తన కొలనుకు కలువలు తెప్పించుకున్నది ఆయన దగ్గర్నుంచే.

పెంచడం కష్టమేం కాదు. అడుగున బంకమట్టి, పైన పలచగా ఇసుక. పచ్చిపేడ వేస్తే నీళ్లు పాడవుతాయి. దుంప మొలక మట్టిపైకి కనిపించాలి. మొదట నాలుగంగుళాల నీళ్లు, ఆకులు ఎదిగేకొద్దీ అడుగు దాకా. రోజూ ఆరుగంటల ఎండ. దోమపిల్లల్ని తినడానికి నాలుగు గప్పీ చేపలు. అంతే!

చిక్కల్లా దాని దూకుడుతోనే. మట్టిలో పిలకలు పాకిస్తుంది. వాటికి చిన్న అరటిగెలల్లాంటి గుత్తులు కాస్తాయి. ఒక్క గుత్తి చాలు, ఇంకో మొక్క లేవడానికి.

శ్రీకాకుళం దగ్గర పల్లె ఆమె పుట్టిల్లు. చిన్నప్పుడు ఆ ఊరి కోనేరు నిండా ఎర్రకలువలే. కాడలు విరిచి దండలు చేసుకునేవారు. ఇప్పుడు ఓ మూల నాలుగు మొక్కలు మిగిలాయి. మొన్న వచ్చిన తమ్ముడు గోలెం చూసి ముచ్చటపడ్డాడు.

"అప్పా, రెండు గుత్తులియ్యి. మన కోనేట్లో పడేస్తాను. బేగి పరుచుకుంటాది!"

ఆమెకూ ఆశ పుట్టింది. కోనేరంతా పువ్వులు... కానీ దక్షిణాఫ్రికాలో తోటలకని తెచ్చిన ఈ మొక్కే చెరువుల్లోకి పాకి కలుపైంది. దీని ఆకులు నీళ్లను కప్పేస్తే కింద మొక్కలకు వెలుతురుండదు. ఆ మిగిలిన నాలుగూ పోతాయి.

"వద్దు తమ్ముడూ. పరుచుకుంటాదనే నా బెంగ. ఆ ఎర్రదాని దుంప ఒకటి నాకు తెచ్చిపెట్టు."

ఇప్పుడు పెరట్లో రెండు గోలేలు. ఎర్రది పిల్లలు పెట్టాక కోనేటికి వెళ్తుంది. పసుపుదాని పిలకలు తుంచి, ఎండలో బాగా మాడాకే ఎరువుగుంతలో వేస్తుంది ఆమె. కాలవలోకి ఒక్కటీ పోనివ్వదు. పొద్దున్నే ఎర్రపువ్వు ముడుచుకోకముందు ఓసారి, మధ్యాహ్నం పసుపుది విచ్చుకున్నాక ఓసారి కుర్చీ జరుగుతుంది.

రెండు గోలేల మధ్యా అడుగు దూరం. దాన్ని దాటనివ్వకుండా చూడటమే ఇప్పుడు ఆమె ఉద్యోగం.