బాగున్నప్పుడే వేసుకోవాల్సిన మాత్ర

దేశాన్ని ఏలే ప్రధానికైనా, శనగ చేనులో కలుపు తీసే రైతుకైనా గుండె ఒకేలా కొట్టుకుంటుంది. దాని వేగాన్ని తగ్గించే మాత్రా ఒక్కటే. కానీ ఆ మాత్ర ఇద్దరికీ ఒకేలా అందుతుందా? అందినా, ఇద్దరూ రోజూ వేసుకుంటారా? ఓ తెలుగు గుండె డాక్టరు పెద్దాసుపత్రిలో పెద్ద కుర్చీని వదిలి మరీ ఈ ప్రశ్నల వెంట వెళ్లారు. ఆయనే డాక్టర్ కె.శ్రీనాథ్ రెడ్డి.

1991 నవంబరు. కుందూ నది పక్కనున్న ఉయ్యాలవాడ నుంచి ఆళ్లగడ్డ, నంద్యాల దాకా ఎక్కడ చూసినా ఎన్నికల సందడే. అప్పటికే ప్రధాని అయిన పి.వి.నరసింహారావు నంద్యాల లోక్‌సభ ఉపఎన్నికలో నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తమ పార్టీ అభ్యర్థినే పెట్టలేదు. పీవీ ఆధిక్యం 5 లక్షల 80 వేలు దాటింది! అంతకు ముందు ఏడాదే అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషాయన. ఆ గుండెను కనిపెట్టుకుని ఉండే బాధ్యత ఢిల్లీ ఎయిమ్స్‌లో పనిచేసే శ్రీనాథ్ రెడ్డిది.

1992 డిసెంబరు 6. అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేతను టీవీలో చూస్తున్న శ్రీనాథ్ రెడ్డికి ముందుగా గుర్తొచ్చింది తన పేషెంటే. వెంటనే ప్రధాని ఇంటికి పరుగెత్తారు. ఇప్పుడెందుకొచ్చావన్నట్టు పీవీ విసుక్కున్నా పట్టుబట్టి పరీక్ష చేశారు. నాడి వేగంగా ఉంది, బీపీ పెరిగింది, ముఖం ఎర్రబడింది. బీటా బ్లాకర్ మాత్ర మరొకటి అదనంగా ఇచ్చారు. ఆ రోజు గురించి రాజకీయంగా ఎవరి వాదన వాళ్లకుంది. డాక్టరు మాత్రం తాను చూసిన ఆ నాడి గురించి తర్వాతి కాలంలో చెప్పారు.

ఇంతకీ ఆ మాత్ర చేసేదేంటి?

భయమో కోపమో ముంచుకొచ్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను ఉరకలేస్తుంది. గుండె కణాల మీద దానికోసమే కొన్ని తాళాలున్నాయి. తాళం చెవిలా అది వెళ్లి తిరిగితే గుండె వేగం పెరుగుతుంది. బీటా బ్లాకర్ ఆ తాళంలో ముందే దూరి కూర్చుంటుంది. ఇక అడ్రినలిన్ ఎంత ఉరికినా తాళం తిరగదు. గుండెకు రక్తం చాలకపోతే సరఫరా పెంచాలని అంతా ఆలోచిస్తున్న రోజుల్లో, గుండెకున్న పనినే తగ్గిస్తే పోలా అనుకున్నాడు బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్. ఆ ఆలోచనే 1960ల్లో ప్రొప్రనలాల్ అనే మందైంది. 1988లో ఆయనకు నోబెల్ వచ్చింది.

తర్వాత ఒకదాని వెంట ఒకటి చాలా మందులొచ్చాయి. రక్తనాళం గోడలను సడలించేవి కొన్ని. ఒంట్లోని అదనపు ఉప్పును, నీటిని మూత్రంలో పంపేసేవి ఇంకొన్ని. కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్లు మరికొన్ని. ఇవన్నీ గుండె మందులే అనుకుంటాం కానీ వీటితో మెదడుకూ అంతే మేలు. ఏళ్ల తరబడి హెచ్చు ఒత్తిడి పడితే మెదడులోని సన్నని నాళం ఒకరోజు చిట్లుతుంది, లేదా పూడుకుపోతుంది. దాన్నే మనం పక్షవాతం అంటాం.

చిక్కల్లా ఒక్కటే. బీపీ నొప్పి పెట్టదు. పంటి నొప్పికి రాత్రికి రాత్రే పరుగెత్తే మనిషి, పై రీడింగు 180 ఉన్నా చేనికి పోయి వస్తాడు. మాత్ర మొదలుపెట్టిన నెలకు రీడింగు దిగుతుంది. అంతే, 'బాగానే ఉండా గద నాయనా, ఇంగ బిళ్ల యాల?' అంటూ డబ్బా పక్కన పెడతాడు. బాగుంది మాత్ర వల్లేనని అతనికి ఎవరు చెప్పాలి?

హైదరాబాద్ ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివిన శ్రీనాథ్ రెడ్డి, ఎయిమ్స్‌లో ఎండీ, డీఎం చేశారు. అక్కడే పాఠాలు చెబుతూ గుండె విభాగానికి అధిపతి అయ్యారు. మధ్యలో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్లి ఎపిడెమియాలజీ చదివి వచ్చారు. వార్డులో డాక్టరు చూసేది మంచం మీదున్న ఒక్క మనిషిని. ఈ చదువు చూడమనేది మంచం దాకా రాని వేలమందిని. 2005లో పద్మభూషణ్ వచ్చింది. ఆ తర్వాతి ఏడాది ఎయిమ్స్‌ను వదిలి కొత్తగా పుట్టిన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాకు అధ్యక్షుడయ్యారు. 2022 దాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు.

ఆ మంచం దాకా రానివాళ్లు ఎందరో చెప్పే లెక్క సరిగ్గా 2006లోనే తెలుగు నేల నుంచి అచ్చయింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఎలా పోయారో అడిగి రాసుకున్నారు పరిశోధకులు. దాదాపు మూడోవంతు మరణాలకు కారణం గుండె, రక్తనాళాల జబ్బులే! అంటురోగాల వాటా అందులో సగం కూడా లేదు. గుండె జబ్బు పట్నాల్లో ఉన్నోళ్ల జబ్బు అన్న మాట అక్కడితో చెల్లిపోయింది.

మందులున్నాయి, జబ్బూ తెలుసు. మరి రోజూ వేసుకునేలా చేయడం ఎలా? నాలుగు మాత్రలను ఒకే మాత్రలో పెడితే? రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్‌కు ఒకటి, బీపీకి రెండు... ఇలాంటి మాత్రను హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ తయారుచేసింది. దాన్ని భారత్‌లోనూ, ఐరోపాలోని మూడు దేశాల్లోనూ 2004 మందిపై పరీక్షించారు. అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లు, లేదా వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లు వీళ్లంతా. 2013లో వెలువడిన ఆ ఫలితాల పత్రంలో శ్రీనాథ్ రెడ్డి పేరూ ఉంది. విడివిడిగా మందులు వాడినవారిలో చివరిదాకా క్రమం తప్పనివాళ్లు 65 శాతం. ఒకే మాత్ర వాడినవారిలో 86 శాతం! బీపీ, కొలెస్ట్రాల్ కాస్తే ఎక్కువ తగ్గాయి. అయితే ముందు నుంచీ మందులు మానేస్తూ వచ్చినవాళ్లకే దీనివల్ల ఎక్కువ లాభం కలిగింది.

గుండెపోట్లు నిజంగా తగ్గుతాయా అన్నదానికి ఆ పరీక్ష సరిపోలేదు. ఆ జవాబు 2022లో ఐరోపా నుంచి వచ్చింది. ఒకసారి గుండెపోటు వచ్చిన, 65 ఏళ్లు దాటిన పెద్దవాళ్లకు ఇలాంటి మాత్రే ఇస్తే మళ్లీ పెద్ద ప్రమాదాలు నాలుగోవంతు దాకా తగ్గాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ తరహా మాత్రలను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

అలాగని పక్కింటాయన మాత్ర మనం మింగకూడదు. ఆస్పిరిన్ అందరికీ పడదు, కొందరిలో రక్తస్రావం తెస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు కొన్ని బీటా బ్లాకర్లు ప్రమాదం. వాడుతున్న బీటా బ్లాకర్‌ను ఒక్కసారిగా మానేసినా గుండె తిరగబడుతుంది. మార్చాలన్నా మానాలన్నా డాక్టరు చెప్పాకే.

2011లో ప్రణాళికా సంఘానికి ఇచ్చిన నివేదికలో శ్రీనాథ్ రెడ్డి నాయకత్వంలోని నిపుణుల బృందం, ముఖ్యమైన మందులను ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలని గట్టిగా చెప్పింది. ఈరోజు పీహెచ్‌సీలో బీపీ మాత్రలకు డబ్బు కట్టక్కర్లేదు. 2023లో నంద్యాలలోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అయినా మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయి, మాట తడబడితే 'కాసేపు పడుకుంటే సర్దుకుంటుందిలే' అనేవాళ్లు ఇంకా ఉన్నారు. మెదడులో గడ్డను కరిగించే మందుకున్న గడువు నాలుగున్నర గంటలే. అదీ స్కానింగ్ తీసి, లోపల చిట్లలేదని తేల్చుకున్నాకే ఇవ్వాలి. కాబట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి.

1866 కరవులో వేలమందికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి పుట్టింది ఉయ్యాలవాడలోనే. ఆకలైనవాడు గడప దగ్గరికొచ్చి అడుగుతాడు. బీపీ ఉన్నవాడు అడగడు, తనకుందనే తెలియదు. ఆశా కార్యకర్త మిషన్ పట్టుకుని ఇంటికొస్తే చెయ్యి చాపాలి. ఇంట్లో పెద్దాయన రాత్రి సంగటి తిన్నాక మాత్ర వేసుకున్నాడా అని మనవడో మనవరాలో ఒక్క మాట అడగాలి. ఢిల్లీలో ప్రధానికి ఆ మాట అడగడానికి ఒక ప్రొఫెసర్ ఉన్నాడు. ఊళ్లో ఆ పని ఇంట్లోవాళ్లే చేయాలి.